సగం చచ్చిన ఇంజన్‌ను నమ్మి వెనక్కి తిరగనివ్వకండి: చిన్న విమానాలు నేర్పేవాళ్ళకు, నడిపేవాళ్ళకు ఒక బహిరంగ లేఖ

చంద్రపూర్, గడ్చిరోలి, యవత్మాల్, నాందేడ్, గోండియా వైపు చిన్న విమానాలు నేర్పుతున్న ఇన్‌స్ట్రక్టర్లకు, ఫ్లయింగ్ స్కూళ్ళ నిర్వాహకులకు, సొంత విమానాలున్న యజమానులకు నమస్కారం.

నేను బల్లార్షా వాడిని. మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి బొగ్గుగని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఉద్యోగంలో ఇంగ్లిషు. ముప్పై ఏళ్ళకు పైగా చిన్న విమానాల్లో కుడి సీట్లో కూర్చుని పిల్లలకు ఎగరడం నేర్పాను. ఇప్పుడు రిటైరయ్యాను. ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి కారణం ఉంది. మహారాష్ట్ర ఎయిర్‌స్ట్రిప్‌ల మీద నేర్చుకునేవాళ్ళలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్, మంచిర్యాల నుంచి వచ్చే పిల్లలు, మా చాందా (చంద్రపూర్) జిల్లా తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఉన్నారు. నేర్పేవాళ్ళలోనూ మనవాళ్ళున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు కూడా ఇది చదివి అర్థం చేసుకోవాలని నా కోరిక.

పోయిన నెల గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. వాళ్ళ నాన్న, నేను పాత దోస్తులం. పైలట్ లైసెన్స్ కోసం నేర్చుకుంటోంది. నలభై గంటలు దాటాయి, సోలో (ఒంటరిగా ఎగరడం) కూడా అయింది. సెలవులకు వచ్చి కాళ్ళకు దండం పెట్టి కూర్చుంది. చాయ్ తాగుతూ అడిగాను: "బిడ్డా, టేకాఫ్ అయి మూడొందల అడుగుల మీదున్నవ్. ఇంజన్ ఆగింది. ఏం చేస్తవ్?"

"ముక్కు కిందికి, స్పీడు అరవై అయిదు, ఎదురుగా ఉన్నదాంట్లో దిగుత" అని గడగడా చెప్పింది. మంచి జవాబు.

"సరే. ఇంజన్ ఆగలేదు. సగం పవర్ పోయింది. దగ్గుతుంది, ఊగుతుంది, కానీ తిరుగుతనే ఉంది. ఇప్పుడు?"

ఆలోచించకుండానే అంది: "రన్‌వే వెనకనే ఉంటది కద కాకా, మెల్లగ తిప్పుకొని వచ్చి దిగుత."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఈ రెండో ప్రశ్న నిన్ను ఎవరైనా ఎప్పుడైనా అడిగారా అంటే లేదంది. తప్పు ఆ పిల్లది కాదు. మనం నేర్పే పద్ధతిలోనే ఈ ఖాళీ ఉంది. ఇన్‌స్ట్రక్టర్ థ్రాటిల్‌ను (ఇంజన్ పవర్ పెంచి తగ్గించే మీటను) ఒక్కసారిగా వెనక్కి లాగేసి "ఇంజన్ ఫెయిల్" అంటాడు. స్టూడెంట్ ముక్కు దించి, పొలం చూసుకుని, చెక్‌లిస్టు చెబుతాడు. ఇన్‌స్ట్రక్టర్ మళ్ళీ పవర్ ఇస్తాడు, పరీక్ష పాస్. నిజంగా టేకాఫ్‌లో ఇంజన్ చెడేటప్పుడు ఎక్కువసార్లు అలా చెడదు. సగం చస్తుంది.

ఆస్ట్రేలియాలో విమాన ప్రమాదాలను పరిశీలించే ఏటీఎస్‌బీ అనే ప్రభుత్వ సంస్థ ఈ విషయం మీదే లెక్కలు తీసింది. 2000 నుంచి 2010 దాకా ఒక్క ఇంజన్ విమానాల్లో టేకాఫ్ తర్వాత పవర్ కొంత పోయిన ఘటనలు 242. మొత్తంగా ఆగిపోయినవి 83. అంటే సగం చావడమే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అసలు చూడాల్సింది దీని తర్వాతి లెక్క. ఇంజన్ మొత్తం ఆగిన ఆ 83 సార్లలో ఒక్క ప్రాణం పోలేదు. కొంత పవర్ మిగిలి ఉన్నవాటిలో తొమ్మిది ప్రమాదాల్లో మనుషులు చనిపోయారు.

మొదటిసారి ఈ అంకెలు చూసినప్పుడు తిరగబడ్డాయేమో అనుకున్నాను. తర్వాత నా సొంత అనుభవం గుర్తొచ్చింది, అందులో వింత ఏమీ లేదని తెలిసింది. ఇంజన్ మొత్తం ఆగితే పైలట్‌కు అనుమానం ఉండదు, కింద పొలమే గతి అని చేతులకు తెలిసిపోతుంది. సగం పవర్ ఉంటే మనసు బేరం మొదలుపెడుతుంది. ఇంకో యాభై అడుగులు లేస్తుందేమో, రన్‌వే దాకా లాక్కొస్తుందేమో, ఒక్కసారి తిరిగితే చాలేమో. ఆ బేరం నడుస్తున్నంతసేపూ ముక్కు పైకే ఉంటుంది, స్పీడు పడిపోతూ ఉంటుంది.

నా అనుభవం చెబుతాను. ఏ ఎయిర్‌స్ట్రిప్, ఎవరి విమానం అన్నవి చెప్పను, అవి ఇక్కడ అవసరం లేదు. ఏడేళ్ళ కింద, జూలైలో. తొలి వానలు పడి పది రోజులైంది. విమానం పాత సెస్నా 172, కార్బురేటర్ ఉన్న మోడల్. సొంతదారే నేర్చుకుంటున్నాడు. నలభై దాటిన వ్యాపారి, బుద్ధిమంతుడు, ప్రశ్నలు బాగా అడిగేవాడు. విమానం హ్యాంగర్‌లో చోటు లేక ఆ పది రోజులూ బయట వానలోనే ఉంది. ట్యాంకులు సగమే నిండి ఉన్నాయి.

టేకాఫ్ మామూలుగానే అయింది. రన్‌వే చివర దాటాం, ఆల్టిమీటర్‌లో చూస్తే నేల నుంచి మూడొందల యాభై అడుగుల ఎత్తు. అప్పుడు సీటు కింద ఒక కుదుపు. బండి గుంటలో పడ్డట్టు. ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 2,400 దగ్గర నుంచి 1,600కి పడింది, మళ్ళీ 2,200కి లేచింది, మళ్ళీ పడింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. జలుబు చేసిన ముసలాయన దగ్గినట్టు, రెండు దగ్గుల మధ్య కాస్త ఊపిరి.

నేను ఆయన చేతుల వైపు చూశాను. యోక్‌ను (విమానం స్టీరింగ్‌ను) పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ముక్కు దించలేదు. యోక్ ఎడమ వైపు తిరుగుతోంది, మెల్లగా, ఆయనకు తెలియకుండానే. రన్‌వే ఎడమ వెనక ఉంది. అదే క్షణంలో రెక్క అంచున ఉండే స్టాల్ హారన్ (రెక్క గాలి మీద పట్టు తప్పబోతోందని, అంటే స్టాల్ కాబోతోందని హెచ్చరించేది) సన్నగా మొదలైంది, చిన్నపిల్లలు ఊదే పీపీలాగా.

"మై కంట్రోల్స్" (ఇక నేను నడుపుతాను) అని యోక్‌ను ముందుకు తోసేశాను. ముక్కు దిగింది, హారన్ ఆగింది. స్పీడు అరవై అయిదు. ఎదురుగా కరెంటు స్తంభాల వరస, దానికి కుడి పక్క పత్తి చేను. ఇరవై డిగ్రీలు కుడికి, అంతకన్నా తిప్పలేదు. పొలం ఖాయం అనుకున్నాక ఆ దగ్గుతున్న పవర్‌ను కూడా వద్దనుకున్నాను, థ్రాటిల్ మొత్తం లాగేశాను. ఆఖరి క్షణంలో ఇంజన్ ఒక్కసారి పుంజుకుంటే విమానం చేను దాటి ముందుకు పోతుంది, అవతల బావి ఉంది. మిక్చర్ కట్, ఫ్యూయల్ ఆఫ్, ఇగ్నిషన్ ఆఫ్, ఫ్లాప్స్ (మెల్లగా దిగడానికి రెక్క వెనక దించే పలకలు) మొత్తం, ఆ తర్వాత కరెంటు మాస్టర్ స్విచ్ ఆఫ్. "తలుపు తెరువు" అని అరిచాను, దిగేటప్పుడు ఫ్రేమ్ వంగితే తలుపు బిగుసుకుపోతుంది.

పత్తి సాళ్ళ వెంబడే దిగాం. వెనక చక్రాలు పది పదిహేను గజాలు పరుగెత్తాయి. తర్వాత ముందు చక్రం తడి నల్లరేగడిలో దిగబడింది, ప్రొపెల్లర్ మట్టిని కొట్టింది, తోక పైకి లేచి ఆగిపోయింది. సీట్ బెల్టులే మమ్మల్ని ఆపాయి. కుదుపు నుంచి ఆగేదాకా అంతా కలిపి ముప్పై సెకన్లు కూడా కాలేదు.

అవతలి గట్టు మీద కలుపు తీస్తున్న ఆమె పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఇంకా కొడవలి ఉంది. "దెబ్బ తాకిందా బిడ్డా? నీళ్ళు తాగుతరా?" అంది. చెంబు అందుకుంటుంటే నా చెయ్యి వణుకుతోంది. అక్కడ తెలుగు మాట వినడంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది. విమానం ఆమె చేనులో నాలుగు సాళ్ళు పాడు చేసింది. చూడ్డానికి వచ్చిన జనం దానికి పదింతలు తొక్కారు. పంట నష్టం యజమాని కట్టాడు, అంతవరకు ఆయన్ను మెచ్చుకోవాలి.

తర్వాత మెకానిక్ కార్బురేటర్ గిన్నె విప్పి చూస్తే అడుగున నీళ్ళు, ముత్యాల్లా. ట్యాంకు మూత రబ్బరు రింగు పగిలి ఉంది, పది రోజుల వాన అందులోంచి కొంచెం కొంచెంగా దిగింది. మేం ప్రీఫ్లైట్‌లో (ఎగిరేముందు చేసే తనిఖీలో) డ్రెయిన్ చేయలేదా, అంటే ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు కప్పులోకి తీసి చూడలేదా అంటే, చేశాం. ఆయన కప్పులో పట్టి నాకు చూపించాడు, నేనూ చూసి సరే అన్నాను. కానీ విమానం నిలబెట్టిన చోటు వాలుగా ఉంది. నీళ్ళు డ్రెయిన్ దగ్గర కాకుండా ట్యాంకులో ఇంకో మూలన చేరాయి. క్లైంబ్‌లో ముక్కు పైకి లేచేసరికి అవి ఇంజన్‌కు పోయే గొట్టం దగ్గరికి జారాయి. వాలు నేల మీద నిలబెట్టిన విమానంలో ఒక్క కప్పు తీసి తృప్తి పడ్డాను. ఆ తప్పులో నా వాటా ఉంది.

ఫ్యూయల్ కప్పు గురించి ఇక్కడ కాస్త నిలబడి చెప్పాలి. చిన్న విమానాల పెట్రోలు ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ లేత నీలం రంగులో ఉంటుంది. లీటరుకు సుమారు 720 గ్రాములు తూగుతుంది, నీళ్ళు కిలో తూగుతాయి. అందుకే నీళ్ళు అడుగుకు పోతాయి, మధ్యలో గీత కనిపిస్తుంది. పిల్లలకు మనం ఈ గీతనే వెతకమంటాం. కప్పు నిండా నీళ్ళే వస్తే? అప్పుడు గీతే ఉండదు, శుభ్రంగా, తళతళా ఉంటుంది. చూసినవాడు "క్లియర్" అంటాడు. అందుకే కప్పును తెల్ల కాగితం ముందు పెట్టి నీలం రంగు ఉందా అని చూడాలి. ఒక చుక్క వేలి మీద వేసుకుని రుద్దాలి. పెట్రోలైతే చల్లగా తగిలి ఆవిరైపోతుంది, నీళ్ళైతే తడి అలాగే ఉంటుంది. విమానం వానలో నిలబడితే రెక్కను పట్టుకుని కాసేపు ఊపి, కొంచెం ఆగి, మళ్ళీ డ్రెయిన్ చేయాలి. సాధ్యమైతే రాత్రిపూట ట్యాంకులు నింపి ఉంచాలి. ఖాళీ చోట గాలిలోని తేమ చల్లబడి నీరవుతుంది.

మైక్రోలైట్లు (బాగా తేలికైన చిన్న విమానాలు) ఉన్నవాళ్ళకు ఇంకో మాట. వాటిలో ఎక్కువగా వాడే రోటాక్స్ 912 ఇంజన్‌కు బంకు పెట్రోలు పోయొచ్చు, నిజమే. కానీ తయారీదారు ఒప్పుకున్నది పది శాతం ఇథనాల్ దాకానే. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది ఇరవై శాతం. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. "స్కూటర్‌కు నడుస్తుంది కదా" అని పోయకండి. స్కూటర్ ఆగితే రోడ్డు పక్కన నిలబడొచ్చు.

ఇక వెనక్కి తిరగడం సంగతి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తన శిక్షణ పుస్తకంలో ఒక లెక్క ఇస్తుంది. నేను ప్రతి బ్యాచ్‌కీ అది బోర్డు మీద వేసేవాణ్ణి. మూడొందల అడుగుల మీద ఇంజన్ పోయింది. ఏం జరిగిందో బుర్రకెక్కడానికి నాలుగు సెకన్లు. సెకనుకు మూడు డిగ్రీల మామూలు మలుపులో 180 డిగ్రీలు తిరగడానికి ఒక నిమిషం. అరవై అయిదు నాట్ల (గంటకు సుమారు 120 కిలోమీటర్ల) స్పీడులో ఆ మలుపు పూర్తయ్యేసరికి రన్‌వేకు 4,200 అడుగులు పక్కకు ఉంటారు. రన్‌వే వైపు మొహం పెట్టడానికి ఇంకో 45 డిగ్రీలు. మొత్తం 79 సెకన్లు. నిమిషానికి వెయ్యి అడుగులు దిగే విమానం ఈలోపు 1,316 అడుగులు దిగాలి. చేతిలో ఉన్నవి మూడొందలు.

అలాగైతే గట్టిగా తిప్పేస్తాం సార్ అంటారు కుర్రాళ్ళు. గట్టిగా వంచితే స్టాల్ స్పీడు పెరుగుతుంది. 45 డిగ్రీల వంపులో 19 శాతం, 60 డిగ్రీల వంపులో 41 శాతం. తిన్నగా పోయేటప్పుడు 50 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం 60 డిగ్రీల వంపులో 70 దగ్గరే అవుతుంది. మీరేమో అరవై అయిదుతో జారుతున్నారు. ఒక రెక్క ముందుగా పట్టు తప్పుతుంది, విమానం దాని మీదికి తిరగబడుతుంది. మూడొందల అడుగుల్లో స్పిన్ నుంచి, అంటే గిరగిరా తిరుగుతూ పడిపోవడం నుంచి, బయటపడే చోటు లేదు. తిన్నగా పొలంలో దిగితే విమానం పాడవుతుంది, మనుషులు ఎక్కువసార్లు నడిచి బయటికొస్తారు. 2022 జూలైలో పుణె జిల్లా ఇందాపూర్ తాలూకాలో ఒక సెస్నా 152 పొలంలో కూలినట్టు దిగింది. అది టేకాఫ్ ఘటన కాదు. కానీ ఒంటరిగా ఎగురుతున్న 22 ఏళ్ళ ట్రైనీ అమ్మాయి చిన్న గాయాలతో బయటపడింది.

సగం పవర్ ఉంటే ఈ లెక్క మారదా అని అడగొచ్చు. ఎత్తు బాగా ఉంటే, పవర్ నిలకడగా ఉంటే మారుతుంది. కానీ ఆ మిగిలిన పవర్ ఎన్ని సెకన్లు ఉంటుందో మీకు ఎవరు మాటిచ్చారు? కొంత పవర్ పోయిన ఇంజన్ మలుపు మధ్యలో మొత్తం ఆగిపోవచ్చు. అందుకే ఫలానా ఎత్తు లోపల తిరగను అని నేల మీద ఉన్నప్పుడే అనుకోవాలి. ఆ ఎత్తు ఎంత అన్నది మీ విమానం, మీ రన్‌వే, ఆ రోజు గాలి బట్టి ఇన్‌స్ట్రక్టర్ పైన గాల్లో కొలిచి తేల్చాల్సిన విషయం, పక్క స్కూలు నుంచి అరువు తెచ్చుకునే అంకె కాదు.

మా చాందా ఎండల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలు మామూలు, 47 కూడా చూశాం. మా ఊరు సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తు చుట్టుపక్కలే. అయినా ఆ ఎండకు గాలి పలచబడి, విమానానికి నాలుగు వేల అడుగుల పైన ఉన్నట్టే అనిపిస్తుంది. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటాం. టర్బో లేని ఇంజన్ వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం పవర్ కోల్పోతుంది. అంటే ఏ లోపమూ లేని ఇంజన్ కూడా ఆ మధ్యాహ్నం పది పన్నెండు శాతం తక్కువతోనే మొదలవుతుంది. నలుగురిని ఎక్కించి, ట్యాంకులు నింపి బయల్దేరితే రన్‌వే చివరికి మామూలుగా ఉండే ఎత్తులో సగం కూడా ఉండదు. ఇంజన్ అలా మందంగా లాగడం మనకు అలవాటైపోతుంది, దాని వెనక అసలు లోపం దాక్కుంటుంది. "ఎండ కదా, ఇలాగే ఉంటుంది" అనుకుంటాం.

వానాకాలంలో ఇంకో దొంగ. బయట పాతిక డిగ్రీల వెచ్చదనం ఉన్నా కార్బురేటర్ గొంతులో మంచు కడుతుంది అంటే తల్లిదండ్రులు నమ్మరు. పెట్రోలు ఆవిరవుతూ, గాలి ఇరుకు దారిలో వ్యాపిస్తూ అక్కడి వేడిని లాగేస్తాయి. ఉష్ణోగ్రత ముప్పై డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. తేమ గాలి అక్కడ గడ్డకడుతుంది. హోల్డింగ్ పాయింట్ (రన్‌వే ఎక్కేముందు ఆగే చోటు) దగ్గర పది నిమిషాలు తక్కువ పవర్‌లో నిలబడి, అలాగే థ్రాటిల్ తోసి ఎక్కేవాళ్ళను చూశాను. రన్‌వే మీదికి వెళ్ళేముందు కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడి గాలి పంపే మీట) ఒకసారి పూర్తిగా లాగి, ఆర్‌పీఎం పడి మళ్ళీ సర్దుకుంటుందా చూసి, మూసి, అప్పుడు బయల్దేరాలి. సెస్నా 152లు, పాత 172లు వాడే స్కూళ్ళన్నిటికీ ఇది వర్తిస్తుంది.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగింది తల్చుకుని చాలామంది తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు, పిల్లల్ని పంపాలా వద్దా అని. లేచిన అర నిమిషంలో కూలి 260 మంది పోయారు, అందులో కింద హాస్టల్ దగ్గర ఉన్నవాళ్ళూ ఉన్నారు. అది రెండు జెట్ ఇంజన్ల పెద్ద విమానం, దాని కారణాలు వేరు, మన చిన్న విమానాలతో పోల్చకూడదు. పంపండి అనే చెబుతున్నాను. కానీ స్కూలుకు వెళ్ళినప్పుడు హాస్టలు, మెస్సు చూడ్డంతో సరిపెట్టుకోకండి. "టేకాఫ్‌లో పవర్ సగం పోతే ఏం చేయాలో మా పిల్లకు నేర్పారా?" అని ఇన్‌స్ట్రక్టర్‌ను మొహం మీదే అడగండి. అడగడం మీ హక్కు.

ఇన్‌స్ట్రక్టర్లూ, మిమ్మల్ని నేను కోరేవి ఇవి. మూడు వేల అడుగుల మీద, క్షేమమైన ఎత్తులో, థ్రాటిల్‌ను మొత్తం లాగకుండా సగానికి లాగి స్టూడెంట్‌కు ఇవ్వండి. ఆ పవర్‌తో విమానం ఎత్తు నిలబెట్టుకుంటుందా, ముక్కు ఎక్కడ ఉంచాలి, స్పీడు ఎంత త్వరగా పడిపోతుంది, ఇవన్నీ ఒంటికి తెలియాలి. తర్వాత దాన్ని ఊపండి, పెంచండి, తగ్గించండి. అప్పుడు ఆ పిల్ల మొహం చూడండి, ఆ ఆశ ఎలా పనిచేస్తుందో కనిపిస్తుంది. నా పత్తి చేను ఘటన తర్వాత నేర్పిన ప్రతి ఒక్కరికీ ఇది చేయించాను. అంతకుముందు నేర్పినవాళ్ళకు చేయించలేదే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

టేకాఫ్ ఆపేసిన స్టూడెంట్‌ను మెచ్చుకోండి. ఫుల్ థ్రాటిల్‌లో రావాల్సిన ఆర్‌పీఎం రాలేదు, లేదా రన్‌వే సగానికి లేవాల్సిన వేగంలో 70 శాతం రాలేదు, అంటే థ్రాటిల్ మూసి బ్రేకు వేయడమే. కానీ మన పిల్లలు ఆపరు. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు కావాలి, ప్రతి గంటకూ ఇంట్లో వాళ్ళు అప్పు తెచ్చి కడుతున్నారు. ఆపితే ఆ గంట డబ్బు పోతుందేమో, సార్ తిడతాడేమో, వెనక లైన్లో ఉన్నవాళ్ళు నవ్వుతారేమో అని టెన్షన్. నిర్వాహకులు ఒక్క చిన్న నియమం పెట్టొచ్చు: అనుమానంతో ఆపిన టేకాఫ్‌కు ఆ రోజు గంట లెక్క కట్టం అని. దానికయ్యే ఖర్చు ఒక ప్రొపెల్లర్ ఖరీదు ముందు ఏపాటి?

ఇంకొకటి, ఇది నా సొంత అలవాటు. ఏ ఎయిర్‌స్ట్రిప్‌కు కొత్తగా వెళ్ళినా స్టూడెంట్లను మోటార్‌సైకిళ్ళ మీద ఎక్కించుకుని రన్‌వే రెండు చివర్ల నుంచి రెండేసి కిలోమీటర్లు పొలాల్లో తిరిగేవాణ్ణి. పైనుంచి చూస్తే ప్రతి చేనూ పచ్చటి చాపే. కింద నడిస్తే తెలుస్తుంది: ఇక్కడ గోడ లేని బావి, అక్కడ సన్నని కరెంటు తీగ, ఆ గట్టు మోకాలెత్తు. మా వైపు బావులు ఎక్కువ, పైనుంచి చెట్ల నీడలో కలిసిపోతాయి. కాలాన్ని బట్టి చేను మారుతుంది. జూలైలో తడి రేగడి చక్రాన్ని మింగుతుంది. సోయా కోసేశాక అక్టోబర్‌లో అదే నేల గట్టిగా, చదునుగా ఉంటుంది. డిసెంబర్‌లో కంది మనిషి ఎత్తు ఉంటుంది, పక్కనే శనగ చేను జానెడు ఉంటుంది, శనగలో దిగాలి. సాళ్ళకు అడ్డంగా కాకుండా వాటి వెంబడి దిగాలి. ఇది ఏ మాన్యువల్‌లోనూ రాసి ఉండదు, రైతుకు తెలుసు. ఆ రైతులతో మాట్లాడండి, మంచినీళ్ళు అడిగి తాగండి. రేపు మీ పిల్ల వాళ్ళ చేలోనే దిగొచ్చు. రన్‌వే ఎదురుగా కొత్తగా స్తంభాలు వేస్తున్నా, ప్లాట్లు చేస్తున్నా కలెక్టరేట్‌కు రాతపూర్వకంగా చెప్పే బాధ్యత కూడా ఎయిర్‌స్ట్రిప్ వాడుకునేవాళ్ళదే.

యజమానులకు ఒక్క మాట. నా పక్కన కూర్చున్న ఆయన చెయ్యి ఎందుకు ఎడమకు తిరిగిందో తర్వాత ఆయనే చెప్పాడు. "సార్, పొలంలో దింపితే విమానం పోతదనిపించింది." ప్రాణం సంగతి ఆ క్షణంలో గుర్తే రాలేదు. విమానం ఇన్సూరెన్స్ కంపెనీది అనుకోండి, ఇంజన్ దగ్గిన క్షణం నుంచి అది మీది కాదు.

ఇక చివరిగా, సిరొంచ అమ్మాయి. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని టేకాఫ్‌కు ముందు పైకి చెప్పుకోవాల్సిన మాటలు రాసుకున్నాం. మనసులో అనుకుంటే చాలదు, నోటితో అనాలి, పక్క సీట్లో ఎవరూ లేకపోయినా అనాలి. ఆ పిల్ల తెలుగులోనే కావాలంది, భయమైనప్పుడు నాకు తెలుగే వస్తది కాకా అంది. చిన్న అట్ట ముక్క మీద తన చేత్తో ఇలా రాసుకుంది:

"గాలి ఎడమ నుంచి. రన్‌వే సగంలో స్పీడు రాకపోతే ఆపుత. పవర్ తక్కువైతే ఆపుత. లేచినంక పవర్ మొత్తం పోయినా, సగం పోయినా ఒక్కటే: ముందు ముక్కు కిందికి, అరవై అయిదు. సార్ చెప్పిన ఎత్తు దాటేదాక వెనక్కి తిరగ. ఎదురుంగ, కుడి పక్క చేను. బావి ఎడమకు ఉంది. తలుపు తెరుస్త. విమానం సంగతి తర్వాత."

మీ స్కూల్లో ఒక్కో పిల్లా, ఒక్కో పిల్లాడూ మొదటి సోలోకు ముందు ఇలాంటి అట్ట తన భాషలో తనే రాసుకునేలా చేయండి. గాలి మారినప్పుడు, పంట మారినప్పుడు, రన్‌వే దిశ మారినప్పుడు దాన్ని మార్చి రాయించండి. పొలాలు తిరిగి చూపించడానికి మనిషి కావాలంటే కబురు పెట్టండి. చాందా చుట్టుపక్కల ఏ ఎయిర్‌స్ట్రిప్‌కైనా నా ఖర్చుతో నేనే వస్తాను. ఆదివారం అయితే పొద్దున ఆరింటికే బయల్దేరగలను, ఎండ ముదరకముందే రెండు వైపులా చూసి రావచ్చు.

ఇట్లు,
రిటైరైన ఒక ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్,
బల్లార్షా, చంద్రపూర్ జిల్లా